పూతను పంట యనుకొన్న భాష

మెతుకుసీమ రైతు జొన్నచేని గట్టున నిలిచి పైరు వంక చూచినచో దాని వయస్సును చెప్పగలడు. మొలక యనును, పిలక వేసిన దనును, పొట్టకు వచ్చిన దనును, కంకి వెడలిన దనును, పూత పట్టిన దనును, పాలు పోసికొన్న దనును, గింజ గట్టిపడిన దనును. ఒక్కొక్క దశకు ఒక్కొక్క మాట కలదు. ఒక్కొక్క మాట వెంట ఒక్కొక్క పని కలదు. ఎప్పుడు నీరు పెట్టవలెనో, ఎప్పుడు పిట్టలను తోలవలెనో ఆ మాటలే అతనికి తెలుపును. 1972లో పటాన్‌చెరు చెంత నెలకొల్పబడిన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పరిశోధనాసంస్థలో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగలను పరీక్షించు శాస్త్రజ్ఞులును పైరు పూత పట్టిన దినమును శ్రద్ధగా గుర్తించి వ్రాసికొందురు. ఆ దినముననే పంట చేతికి వచ్చినదని మాత్ర మెవ్వరును వ్రాయరు. పూతను చూచి కొడవలి పట్టు రైతు లోకమున లేడు.

పైరు విషయమున నింత నేర్పు గల మన తెలుగు బిడ్డ యెదుగుదల దగ్గరకు వచ్చుసరికి ఏల తడబడినది? ఆడుపిల్ల కొక్క దినమును మాత్రమే గుర్తించి, మగపిల్లవాని కా దినమును గూడ గుర్తింపక, ఏండ్ల తరబడి సాగు పెరుగుదలను మన భాషయు సాహిత్యమును ఏల విడిచిపెట్టినవి? ఈ విడుపు వలన ఇండ్లలో కలిగిన నష్ట మెట్టిది? ఈ ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము. ఇది వైద్యుల పని యని కొందరనవచ్చును. శరీరమును గూర్చిన జ్ఞానము వైద్యులదే. ఆ జ్ఞానము ఇంటిలోనికి ప్రవేశింపవలసిన ద్వారము మాత్రము భాష. ఆ ద్వార మెట్లున్నదో చూచుట సాహిత్యవిమర్శకుని పని.

మొదట మాటలను చూతము. పెద్దమనిషి యగుట, సమర్తాడుట, ఈడేరుట, పుష్పవతి యగుట, వ్యక్తురాలగుట, రజస్వల యగుట అని మనకు పలు మాటలు గలవు. ఇన్ని యున్నవని సంతోషింప నక్కరలేదు. ఇవి యన్నియు ఒక్క దినమునకే పేర్లు. ఆ దినమునకు రెండేండ్లు ముందు ఆరంభమైన మార్పునకు పేరు లేదు. దాని తరువాత నాలుగైదేండ్లు సాగు మార్పునకును పేరు లేదు. 'సమర్త' యను మాటకు సమర్థశబ్దమే మూలమని చెప్పుదురు. పండ్రెండేండ్ల పిల్ల దేనికి సమర్థురాలైనది? ఆ ప్రశ్నకు సమాజమిచ్చిన సమాధానము పెండ్లి, కాపురము, కాన్పు.

'పెద్దమనిషి' యను మాట మఱియు విచిత్రమైనది. మగవానిని గూర్చి యా మాట వాడినప్పుడు తగవులు తీర్చువాడు, నలుగురిలో మాట చెల్లువాడు అని యర్థము. అట్టి పేరు ఏబదియేండ్లు మంచి నడత చూపినగాని రాదు. ఆడుపిల్లకు అదే పేరు ఒక యుదయమున వచ్చును. వచ్చిన మఱునాటి నుండి ఆమె మాటకు చెల్లుబడి తగ్గునే కాని పెరుగదు. ఎక్కడికి పోవలెను, ఎవరితో ఆడవలెను, ఎంత గట్టిగా నవ్వవలెను అనునవి యన్నియు ఇతరులే నిర్ణయింతురు. పెద్దరికము పేరునకే కాని అధికారమునకు గాదు.

మగపిల్లవానికి ఈ మాత్రపు మాటలును లేవు. నూనూగు మీసమనియు, బొంగురు గొంతనియు నవ్వుట కొఱకు రెండు పలుకులు మాత్ర మున్నవి. వాని శరీరమున ఏమి జరుగుచున్నదో వాని తండ్రి చెప్పడు. తండ్రికి ఆయన తండ్రి చెప్పలేదు. కావున వీధిలో తనకంటె రెండేండ్లు పెద్దవాడైన మఱియొక పిల్లవాడే వానికి గురువగుచున్నాడు. నేడు చేతిలోని ఫోను గూడ ఆ గురుత్వమున పాలు పంచుకొనుచున్నది.

పాఠ్యగ్రంథములు ఈ కొరతను తీర్పదలచినవి. మన ఎనిమిదవ తరగతి జీవశాస్త్రమున 'కౌమారదశ' యను పాఠము గలదు. ప్రయత్నము మెచ్చదగినదే. కాని సంస్కృతమున ప్రసిద్ధమైన యొక లెక్క ప్రకారము కౌమారము 5 ఏండ్ల వరకే. తరువాత 10 వరకు పౌగండము, 15 వరకు కైశోరము, ఆ పైని యౌవనము. ఆయుర్వేదమున కౌమారభృత్య మనగా శిశువైద్యము. హిందీవారు ఈ దశను కిశోరావస్థ యని సరిగా పిలిచిరి. మనము పసిబిడ్డల మాటను తెచ్చి పదునాలుగేండ్లవారికి తగిలించితిమి. వాడుకలో స్థిరపడిన మాటను ఇప్పుడు మార్చుమని నేను పట్టుపట్టను. తెచ్చిన మాటను గూడ పరికింపక తెచ్చుకొంటి మనుటయే ఇచట గమనింపదగినది.

ప్రాచీన గ్రంథములందు ఈ విషయమున రెండు లెక్కలు గలవు. పరాశరస్మృతి మొదలగువానిలో 8 ఏండ్ల పిల్ల గౌరి, 9 ఏండ్లది రోహిణి, 10 ఏండ్లది కన్య, ఆ పైని రజస్వల. ఇచట వయస్సు బిడ్డ యెదుగుదలకు కొలత గాదు. తండ్రి కన్యాదానము చేయుటకు గడువు. ఏ పేరు గల పిల్లను దానము చేసిన ఏ ఫలము, గడువు దాటినచో ఏ పాపము అనునదియే అందలి విచారము.

సుశ్రుతుని లెక్క వేఱు. ఆయన 16 ఏండ్ల వరకు బాల్యమనెను. 16 మొదలు 20 వరకు వృద్ధి, 30 వరకు యౌవనము, 40 వరకు సంపూర్ణత, ఆ పైని 70 వరకు క్రమముగా హాని, అటు తరువాత వార్ధకము అని విభజించెను. స్త్రీకి రజస్సు 12వ యేట ఆరంభమగుననియు చెప్పెను. ఈ రెండు మాటలను కలిపి చదువవలెను. 12వ యేట రజస్వల యైన పిల్ల సుశ్రుతుని లెక్కలో ఇంకను నాలుగేండ్లు బాలయే. ఆ గ్రంథముననే 25 ఏండ్ల పురుషునకు 12 ఏండ్ల భార్యను చెప్పిన వాక్యమును గలదు. దాని వెంటనే 16 నిండని తల్లికి, 25 నిండని తండ్రికి కలిగిన గర్భము నిలువదనియు, నిలిచి పుట్టినను బిడ్డ దుర్బలుడగు ననియు హెచ్చరికయు గలదు. వివాహమున ఆచారమునకు తలయొగ్గిన వైద్యుడు శరీరము విషయమున తలయొగ్గలేదు. మన పూర్వులు స్మృతివాక్యమును కంఠస్థము చేసిరి. వైద్యుని హెచ్చరికను తాళపత్రములలో నుంచిరి.

ఇక కావ్యము. బాల్యయౌవనముల కలయికకు కవులు వయస్సంధి యని యందమైన పేరు పెట్టిరి. దానికి మేలైన ఉదాహరణము కుమారసంభవమున ప్రథమసర్గ. ఆ కావ్యమునకు వ్యాఖ్యానము వ్రాసిన మల్లినాథసూరి మన సీమవాడే. ఆయన యింటిపేరున నిలిచిన కొలిచారము నేటి మెదక్ జిల్లాలోని గ్రామము. అందు పార్వతి మందాకినీతీరమున చెలులతో ఇసుకతిన్నెలు కట్టి, బంతులతోను బొమ్మలతోను ఆడుకొనును. కొన్ని శ్లోకములు దాటునప్పటికి యౌవనము వచ్చును. కవిదృష్టి పాదములు మొదలుకొని పైకి పోవుచు ఒక్కొక్క యవయవమును వర్ణించును. బొమ్మలను విడిచిన నాడు ఆ పిల్ల మనసున నేమి తోచినదో మనకు తెలియదు. చూచువాని కన్నులు గలవు. చూడబడు దాని నోరు లేదు.

అయినను కాళిదాసునకు న్యాయము చేయవలెను. ప్రథమసర్గలో చూడబడిన కన్య పంచమసర్గలో తపస్సు చేసినది, వటువు వేషమున వచ్చినవానితో వాదించినది, తన కోరికను తానే సమర్థించుకొన్నది. ఆ కావ్యమున పార్వతి నిజముగా పెద్దదైనది ఆ సర్గముననే. మన ప్రబంధకవులలో పెక్కురు ప్రథమసర్గలోని వర్ణనను అనుకరించిరి. పంచమసర్గలోని కంఠమును మరచిరి.

ఒక్క దినమునే చూచు దృష్టి ఎంతటి ఘోరమునకు దారితీయునో 1890లో కలకత్తాలో విచారణకు వచ్చిన ఫూల్‌మణి దాసి కేసు దేశమునకు చూపెను. పది పదునొకండేండ్ల యా బాలిక భర్త బలాత్కారము వలన మరణించెను. నాటి చట్టమున సమ్మతి వయస్సు పదియేండ్లే యగుటచే అతనికి మానభంగనేరము పట్టలేదు; స్వల్పశిక్షతో బయటపడెను. 1891లో ఆ వయస్సును 12కు పెంచుటకే దేశమున గొప్ప కలహము జరిగినది. ప్రథమరజస్సు కాగానే గర్భాధానము జరుగవలెననియు, చట్టము దాని కడ్డు వచ్చుననియు వాదించినవారు పండితులే. ఒక దినమునకు పేరు పెట్టిన భాష ఆ దినమునకు ఒక విధిని గూడ కట్టిపెట్టినది.

ఆ మఱుసటి యేడు, 1892లో, విజయనగరమున గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము ప్రదర్శింపబడెను, 1897లో అచ్చయ్యెను, 1909లో దాదాపు క్రొత్త నాటకముగా తిరిగి వెలువడెను. మొదటి కూర్పు పీఠికలో, మూడేండ్లలో విశాఖపట్టణమండలమున బ్రాహ్మణులలో జరిగిన 1,034 కన్యాశుల్కవివాహముల లెక్క యున్నది. అందు 5 ఏండ్ల పిల్లలు 99 మంది, 4 ఏండ్లవారు 44, 3 ఏండ్లవారు 36, 2 ఏండ్లవారు 6, ఏడాది పిల్లలు ముగ్గురు. పెరుగుదలతో నిమిత్తము లేని బేరమునకు ఇంతకంటె సాక్ష్యము వలదు.

ఈ నాటకమును గూర్చి మనవారు చాల వ్రాసిరి. గిరీశము మాటకారితనమును, మధురవాణి నేర్పును పొగడిరి. నేను రెండు సంగతులు మాత్రము చెప్పుదును. సుబ్బిని లుబ్ధావధానులకు కట్టబెట్టుట యను సంకల్పమే నాటకమునకు ఇరుసు. అందరును సుబ్బిని గూర్చి మాటాడుదురు. సుబ్బి మనసులోని మాట మాత్రము మనకు వినబడదు. ఆమెకు బదులుగా పెండ్లిపీటపై కూర్చున్నవాడు ఆడువేషము వేసిన శిష్యుడు. పెండ్లికొడుకు పిల్ల వయస్సునే కాదు, పిల్లయో పిల్లవాడో యను సంగతిని గూడ చూడలేదనుట కంటె పదునైన యెత్తిపొడుపు లేదు. కాని ఆ నవ్వులో అసలు పిల్ల మరుగున పడినది.

రెండవది వెంకటేశము. వాడు పరీక్ష తప్పిన బాలుడు. ఇంట తండ్రి కోపము, బయట గిరీశము చుట్ట. ఎదుగు వయస్సున నున్న మగపిల్లవానికి నిజమైన తోడు దొరకనిచో ఎట్టి గురువు దొరకునో అప్పారావుగారు నూటికి పైబడిన యేండ్లకు ముందే చూపిరి. మనము గిరీశమును చూచి నవ్వుచు వెంకటేశమును మరచితిమి. ఆ పిల్లవాని దృష్టితో కన్యాశుల్కమును చదివిన విమర్శ మనకు కావలసియున్నది.

నిజాము రాజ్యమున నుండిన మన ప్రాంతపు కథ కొంత వేఱు. బాలికలకు 14, బాలురకు 18 ఏండ్లు నిండనిదే వివాహము కూడదని 1929లో వచ్చిన శారదా చట్టము బ్రిటిషు ఇండియాకే పరిమితము. అది అమలులోనికి వచ్చిన 1930లోనే, నేడు సంగారెడ్డి జిల్లాలో నున్న జోగిపేటలో, సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి ఆంధ్రమహాసభ జరిగెను. బాల్యవివాహములు, స్త్రీవిద్య అచట చర్చకు వచ్చిన సంగతులు. చట్టము లేని చోట ఆ మహనీయులు మాటనే ఆయుధముగా గొనిరి. నేడు చట్టము గలదు. 1978లో వయస్సులు 18కిని 21కిని పెంచబడినవి. 2006లో బాల్యవివాహనిషేధమునకు క్రొత్త చట్టము వచ్చినది. 18 నిండని భార్యతోడి సంగమము గూడ నేరమేయని 2017లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. అయినను 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, తెలంగాణమున 20 మొదలు 24 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 23.5 మందికి 18 నిండకమునుపే పెండ్లియైనదని తేలినది. దారిద్ర్యము దీనికి పెద్ద కారణము. దానికి తోడు, "పిల్ల పెద్దమనిషి అయింది, ఇంక ఎన్నాళ్ళు ఇంట్లో ఉంచుకుంటాం" అను వాక్యము గూడ ఒక కారణమే. అది భాష చేసిన పని.

మన పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము, ఇస్నాపురము ప్రాంతములలో నేడు జీవనము మారినది. పొలములున్న చోట కర్మాగారములు లేచినవి. ఒక్క గది యింటిలో తల్లిదండ్రులు షిఫ్టుల ప్రకారము వచ్చిపోవుచుందురు. బీహారు, ఒడిశాల నుండి వచ్చిన కుటుంబములును పక్కనే యున్నవి. దూరముగా కూర్చుండబెట్టుటకు ఇంట చోటు లేదు. ఆచారములోని ఆంక్షలు కొంత సడలినవి. ఉత్సవము మాత్రము పెరిగినది. రహదారి పొడవున ఫంక్షను హాళ్ళ యెదుట ఫ్లెక్సీలపై 'నూతన వస్త్ర ఫల పుష్పాలంకరణ మహోత్సవము' అను మాటలు కనబడును. సాహిత్యవిమర్శకుడు ఈ మాటలను గూడ చదువవలెను. ఇందు బట్టలున్నవి, పండ్లున్నవి, పూవులున్నవి, ఉత్సవ మున్నది. పిల్లకేమి జరిగినదో లేదు. ఊరంతటికి చాటు ప్రకటనలో చెప్పవలసిన సంగతిని చెప్పకుండుట గొప్ప నేర్పే! ఆ ఫ్లెక్సీలోని పిల్ల తన బొమ్మను బడికి పోవు దారిలో చూచుకొనవలసి యుండును. తోడి బాలురును చూతురు.

నేను సంతోషమునకు శత్రువును గాను. తల్లి ముద్దుచేయుట, చుట్టములు దీవించుట, నువ్వులు బెల్లము కొబ్బరి పెట్టుట మంచివే. దేశమున 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మంది రక్తహీనత గలవారని పైని చెప్పిన సర్వేయే తెలుపుచున్న కాలమున, బలమైన తిండి పెట్టు ఆచారమును ఎవరు కాదందురు? తొమ్మిది దినములు పెట్టి మానక, తొమ్మిదేండ్లు పెట్టుడని మాత్రము మనవి.

ఇక శాస్త్రమేమి చెప్పుచున్నదో సంగ్రహముగా చూతము. మెదడులోని హైపోథాలమస్ అను భాగము పీయూషగ్రంథిని మేలుకొలుపును. అది అండాశయములను లేక వృషణములను మేలుకొలుపును. వానినుండి వెడలు హార్మోనులు శరీరమును మార్చును. ఇంగ్లండున జేమ్సు టానర్ అను వైద్యుడు బాలబాలికలను ఏండ్ల తరబడి పరిశీలించి ఈ మార్పును ఐదు మెట్లుగా విభజించెను. 1962 నాటి ఆయన గ్రంథము ఇందుకు ప్రసిద్ధము. బాలికలలో 8 మొదలు 13 ఏండ్ల లోపల స్తనములు మొగ్గ తొడుగుట మొదటి గుర్తు. ప్రథమరజస్సు దాని తరువాత సుమారు రెండేండ్లకు వచ్చును. అప్పటికి ఎత్తు వేగముగా పెరుగు కాలము దాటియుండును. అయినను మఱి 5, 6 సెంటీమీటర్లు పెరుగుట గలదు. కటిప్రదేశపు ఎముకలు ఇంకను ఏండ్ల తరబడి విస్తరించును. మొదటి ఒకటి రెండేండ్లు ఋతువు క్రమము తప్పుట సహజము. బాలురలో 9 మొదలు 14 ఏండ్ల లోపల వృషణములు పెరుగుట మొదటి గుర్తు. ఎత్తు దూకుడు బాలికలకంటె సుమారు రెండేండ్లు వెనుక వచ్చును. మెదడు పరిణతి ఇరువదియేండ్లు దాటిన తరువాతను సాగుచుండును.

కావున ప్రథమరజస్సు ఆరంభమును గాదు, అంతమును గాదు; నడిమి మెట్టు. రైతు మాటలో చెప్పినచో పూత. 8 ఏండ్లకు ముందే బాలికకు, 9 ఏండ్లకు ముందే బాలునకు ఈ గుర్తులు కనబడినను, 13 నిండినను బాలికకు, 14 నిండినను బాలునకు ఏ గుర్తును కనబడకున్నను, 15 నిండినను రజస్సు రాకున్నను వైద్యునికి చూపవలెను. ఈ సంగతులు ప్రతి యింట తెలిసియుండవలసినవి.

మీసము విషయమునను ఇదే న్యాయము. 14 నిండి 18 నిండనివారిని అపాయకరమైన పనులలో పెట్టరాదని 2016లో సవరింపబడిన బాలకార్మిక చట్టము చెప్పుచున్నది. మీసము మొలచినంత మాత్రమున పిల్లవాడు రసాయనముల నడుమ నిలువదగినవాడు గాడు. కర్మాగారముల సీమలో నివసించు తల్లిదండ్రులు ఈ సంగతిని మరువరాదు.

పాఠ్యగ్రంథమున ఈ శాస్త్రము చాలవరకు గలదు. అయినను ఆ పాఠమును మీరే చదువుకొనుడని పుట తిప్పు ఉపాధ్యాయులు పెక్కురు. కారణము సిగ్గు మాత్రమే యని నేననుకొనను. ఆ వచనమున మాటాడువా డెవ్వడో, వినువా డెవ్వడో తెలియదు. గ్రంథులు స్రవించును, మార్పులు సంభవించును. పిల్ల యెచ్చటను లేదు. కావ్యము పిల్లను కంటితో చూచినది, స్మృతి గడువుతో కొలిచినది, బేరము వెలతో కొలిచినది, పాఠము పటముతో చూపినది. పిల్లతో మాటాడినది ఏదియు లేదు.

అట్టి వచన మెట్లుండవలెనని యడుగుదురేని, మన యిండ్లలోని మాటతోనే యిట్లుండవచ్చును. తల్లి కూతురితో: "బిడ్డా, రెండేండ్ల నుంచి నీ ఒళ్ళు పెరుగుతున్నది, నువ్వు చూస్తనే ఉన్నవు. ఇది ఆ పెరుగుదలలో ఒక సంగతి. రోగం కాదు, నువ్వు చేసిన తప్పు కాదు. నెల నెలా సరిగ రాకపోతే భయపడకు. రేపు బడికి పో, ఆడుకో. నొప్పి ఎక్కువైతే నాతో చెప్పు, డాక్టరమ్మ దగ్గరికి పోదాం. నువ్వు ఇంకా పెరగవలసింది చానా ఉన్నది." తండ్రి కుమారునితో: "కొడుకా, గొంతు మారిందని సిగ్గుపడకు. నిద్రలో బట్ట తడిస్తే జబ్బు కాదు, బలమేమీ పోదు. నీతోటి ఆడపిల్లల ఒళ్ళు కూడా నీ ఒళ్ళు లాగనే మారుతున్నది. దాన్ని చూసి నవ్వినోని పక్కన కూర్చోకు. ఏమన్నా అడగాలంటే నన్నడుగు."

ఇందు శాస్త్రమునకు విరుద్ధమైనది లేదు. సభ్యతకు విరుద్ధమైనదియు లేదు. వ్రాయగల రచయితలు మనకున్నారు. కథలు, సంభాషణలు, లేఖలు ఈ రీతిని వ్రాసి, తల్లిదండ్రులు పిల్లలతో కలిసి చదువదగిన చిన్న పుస్తకములుగా వెలువరింతురేని అది గొప్ప సాహిత్యసేవ యగును. అంతవరకు చదువరులు తమ యింట నొక్క పని చేయవచ్చును: గుర్తులు మొదట కనబడిన నాడే, రజస్సు రాకముందే, గొంతు మారకముందే, పిల్లలతో మాట మొదలుపెట్టవచ్చును. పొట్టకు వచ్చిన చేనికి నీరు పెట్టుట మన పెద్దలకు తెలిసిన పనియే గదా.